గొర్రెలు, మేకలకు నేపియర్ గడ్డి ఒక్కటే చాలదు: అరెకరంలో దశరథ గడ్డి పెంచి మేపడం ఎలా?

"అన్నా, సూపర్ నేపియర్ వేసినం. ఆకు తిని కాడంతా వదిలేస్తున్నయ్. ఏం చెయ్యాలె?" గొర్రెలు, మేకలు పెంచేవాళ్లు నన్ను ఎక్కువసార్లు అడిగే ప్రశ్న ఇదే. చాఫ్‌కట్టర్ కొని ముక్కలు చేసి పెట్టినా తొట్టి అడుగున కాడ మిగిలిపోతోందని మరికొందరు అంటారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే మొత్తం ఒక్కచోట రాస్తే మేలనిపించింది.

నేపియర్ చెడ్డ మేత కాదు. బర్రెలకు చక్కగా పనికొస్తుంది. కానీ బర్రె నోరు వేరు, గొర్రె నోరు వేరు. గొర్రె పెదవులతో ఏరుకుని పొట్టి మేత కొరుకుతుంది. మేక తలెత్తి చిగుళ్లు వెతుక్కుంటుంది. రెండింటికీ కావాల్సింది సన్న కాడ, మెత్తని ఆకు, మాంసకృత్తులు. ఎకరానికి ఎన్ని టన్నులు పండిందని చూసుకునేవాళ్లే ఎక్కువ, అందులో ఎంత జీవాల కడుపులోకి పోయిందని చూసేవాళ్లు తక్కువ. నేను మాత్రం రెండోదే చూడమంటాను.

అందుకే ఇక్కడ ప్రధాన పంటగా దశరథ గడ్డిని తీసుకున్నాను. పేరుకే గడ్డి, నిజానికిది చిక్కుడు జాతి పొద. విత్తనాలవాళ్లను హెడ్జ్ లూసర్న్ అని అడిగితే తెలుస్తుంది. ఆకు చూడ్డానికి సుబాబుల్ ఆకులా ఉంటుంది. ఎండు లెక్కన 18 నుంచి 20 శాతం దాకా మాంసకృత్తులుంటాయి. ఒకసారి వేస్తే కొన్నేళ్లపాటు కోసుకోవచ్చు. దీనికి తోడుగా కడుపు నింపడానికి జొన్న, గట్ల మీద అవిశ, సుబాబుల్ ఉండాలి.

ముందు మీ మంద లెక్క

20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు ఉన్న మందను లెక్కకు తీసుకుందాం. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్ కూడా ఇంతే ఉండేది కాబట్టి చాలామందికి ఈ లెక్క అలవాటే. 30 కిలోల బరువున్న జీవానికి రోజుకు 3 నుంచి 4 కిలోల పచ్చిమేత, అర కిలో ఎండుమేత కావాలి. ఆ పచ్చిమేతలో మూడో వంతు చిక్కుడు జాతిది, మిగిలింది జొన్న లాంటి ధాన్యపు జాతిది అయితే బాగుంటుంది. అంటే మొత్తం మందకు రోజుకు సుమారు 25 కిలోల దశరథ గడ్డి, 50 కిలోల జొన్న. ఇది కొట్టంలోనే ఉంచి మేపేవాళ్ల లెక్క. రోజూ ఐదారు గంటలు బయట మేపుకొచ్చేవాళ్లకు ఇందులో సగం చాలు.

కావాల్సినవి

- నీటి వసతి ఉన్న ఎకరం నేల: దశరథ గడ్డికి 20 గుంటలు, జొన్నకు 20 గుంటలు. ఆంధ్రలో అయితే 50 సెంట్లు, 50 సెంట్లు
- దశరథ గడ్డి విత్తనం 4 కిలోలు
- పలుకోతల పశుగ్రాస జొన్న విత్తనం 1 కిలో, అలసంద విత్తనం కొంచెం
- బాగా చివికిన పశువుల ఎరువు, దశరథ గడ్డి వేసే అరెకరానికి 5 టన్నులు
- సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఒక బస్తా (50 కిలోలు), యూరియా 11 కిలోలు, పొటాష్ 7 కిలోలు
- పదునైన కొడవలి, వేలాడదీసే తూకం
- కంచె

కంచెను తేలిగ్గా తీసుకోకండి. ముళ్లకంప వేస్తారో, జాలీ వేస్తారో మీ ఇష్టం, కానీ కంచె లేకుండా ఈ పంట వేయొద్దు. లేత మొక్కను మీ మేకలే ముందు తినేస్తాయి. ఊరి మేకలు ఆ తర్వాత వస్తాయి.

విత్తనం కోసం మీ మండల పశువైద్యాధికారిని అడగండి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్ దగ్గర మామిడిపల్లిలో ఉన్న కేంద్ర ప్రభుత్వ పశుగ్రాస కేంద్రంలోనూ వాకబు చేయండి.

1. విత్తనాన్ని లేపండి

ఎక్కువమంది దెబ్బతినేది ఈ మెట్టు దగ్గరే. దశరథ గడ్డి విత్తనం పై తొక్క గట్టిది, నీళ్లను లోపలికి రానివ్వదు. సంచి విప్పి అలాగే చల్లితే పదింటికి రెండో మూడో మొలుస్తాయి. విత్తనం నకిలీదని కొట్టువాడితో గొడవకు దిగేముందు వేడినీళ్ల పని చేశారో లేదో గుర్తుచేసుకోండి.

నీళ్లు మరగగానే గిన్నె పొయ్యి మీంచి దించండి. 4 నిమిషాలు ఆగండి. అప్పుడు విత్తనం పోసి 5 నిమిషాలు ఉంచి వెంటనే వేడినీళ్లు వంపేయండి. చన్నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. కిలో విత్తనానికి నాలుగైదు లీటర్ల నీళ్లుండాలి. నాలుగు కిలోలూ ఒకే గిన్నెలో పోస్తే నీళ్లు వెంటనే చల్లారిపోయి తొక్క మెత్తబడదు. కిలో కిలో చొప్పున చేసుకోండి. పొయ్యి మీద ఉండగా మాత్రం పోయకండి, విత్తనం ఉడికిపోతుంది.

తెల్లారి చూస్తే నానిన గింజ రెట్టింపై మెత్తగా ఉంటుంది. నానని గింజ చిన్నగా, గట్టిగా, మెరుస్తూ ఉంటుంది. అలాంటివి ఎక్కువగా కనిపిస్తే వాటిని జల్లించి మళ్లీ ఒకసారి వేడినీళ్లలో వేయండి.

చేలో వేయడానికి వారం ముందే 100 గింజలకు ఇదంతా చేసి తడిగుడ్డలో చుట్టి పెట్టండి. ఐదారు రోజుల్లో 60కి పైగా మొలిస్తే నిశ్చింతగా విత్తుకోండి. 40 కూడా దాటకపోతే వేరే విత్తనం వెతకాలి, లేదంటే మోతాదు పెంచాలి. రైజోబియం కల్చర్ (చిక్కుడు జాతి మొక్కల వేళ్లకు నత్రజని అందించే సూక్ష్మజీవుల మందు) దొరికితే విత్తే ముందు పట్టించండి. అది వేడినీళ్ల పని అయి, విత్తనం పూర్తిగా చల్లారాకే.

2. నేల, విత్తడం

రెండుసార్లు దున్ని, ఎరువు చల్లి చదును చేయండి. పైన చెప్పిన సూపర్, యూరియా, పొటాష్ ఆఖరి దుక్కిలోనే వేసేయండి. భూసార పరీక్ష చేయించి ఉంటే ఆ కాగితంలో రాసినట్టే వేయడం ఇంకా మంచిది. నీళ్లు నిలిచే పల్లపు నేల వద్దు, మొలక కుళ్లిపోతుంది.

బోరు ఉన్నవాళ్లు గట్టి చలి రోజులు తప్పించి ఎప్పుడైనా వేసుకోవచ్చు. నన్నడిగితే మృగశిర, ఆరుద్ర కార్తెల వానలకు వేసుకోవడం అన్నిటికంటే తేలిక.

సాలుకీ సాలుకీ మధ్య మూరకు కాస్త ఎక్కువ, అంటే 50 సెంటీమీటర్లు ఉండాలి. నానిన విత్తనాన్ని నీడలో ఆరబెట్టి మూడింతల ఇసుక కలిపి సాళ్లలో పలచగా పోయండి. లోతు వేలిగోరంత ఉంటే చాలు, రెండు అంగుళాల లోతున పడితే పైకి రాలేదు. విత్తగానే ఒక తడి, మూడోరోజు ఒక తడి, తర్వాత వారానికో తడి ఇవ్వండి.

3. మొదటి 45 రోజులు ఓపిక పట్టండి

మొలిచాక నెల దాటినా మొక్క బెత్తెడే ఉంటుంది. పక్కన గరిక, తుంగ మోకాలెత్తు పెరుగుతుంటాయి. పంట పోయిందనుకుని దున్నేసినవాళ్లున్నారు. తొందరపడకండి. ఈ రోజుల్లో మొక్క వేరు దింపుకుంటుంది. 20 రోజులకు ఒకసారి, 45 రోజులకు మరోసారి కలుపు తీయిస్తే ఆ తర్వాత అదే కలుపును అణిచేస్తుంది. చిక్కుడు జాతి మొక్కే కాబట్టి దీనిపై వెడల్పాకు కలుపు మందులు కొట్టకండి, చేతితోనో దంతెతోనో తీయండి.

4. కోత, గుంటల లెక్క

మొదటి కోత 90 రోజులకు. నేల నుంచి 50 సెంటీమీటర్లు, అంటే మోకాలి ఎత్తు మోడు వదిలి పైది కోయండి. నేలకు ఆనించి కోస్తే కొత్త చిగుళ్లు సరిగా లేవవు, రెండుమూడు కోతలకే మొక్కలు పలచబడతాయి. తర్వాత నుంచి ప్రతి 40 రోజులకు కోత వస్తుంది.

20 గుంటలున్నాయి, కోత 40 రోజులకోసారి. అంటే ఒక్కో గుంట రెండు రోజుల మేత. గుంటలకు నంబర్లు వేసి ఒకటి నుంచి మొదలుపెట్టండి. ఇరవయ్యో గుంట కోసేసరికి మొదటిది మళ్లీ సిద్ధంగా ఉంటుంది. మొదటి కోతకు మాత్రం అన్నీ ఒకేసారి 90 రోజులకు వస్తాయి కాబట్టి చివరి గుంటలు ముదిరిపోతాయి. ముదిరే లోపే వాటిని కోసి నీడన ఎండబెట్టుకోండి. వేసవిలో ఆ ఆకు బంగారం.

పరిశోధనా క్షేత్రాల్లో నీటి కింద దీని దిగుబడి హెక్టారుకు ఏడాదికి 80 నుంచి 100 టన్నులని చెబుతారు. మన చేలలో అందులో సగమే వస్తుందని లెక్కేసుకోండి. రోజుకు 25 కిలోలన్నది ఆ సగం లెక్కమీద చెప్పిందే.

కాడ ముదిరిందో లేదో తెలుసుకోవడానికి కోసిన కొమ్మను మధ్యలో వంచండి. వంగితే మేత. పుటుక్కున విరిగితే ఆలస్యమైనట్టే. కాయలు ఎండి పగిలే దాకా అసలే ఆగొద్దు, గింజలు రాలి పక్క చేలకూ పాకుతుంది.

5. జొన్న, దాంతోపాటు నాము భయం

మిగతా 20 గుంటల్లో సిఓఎఫ్‌ఎస్ 29 లాంటి పలుకోతల జొన్న వేయండి. దీని కాడ సన్నం, ఆకు ఎక్కువ. మూడు సాళ్ల జొన్నకు ఒక సాలు అలసంద వేస్తే ఇంకా మేలు. మొదటి కోత 65 రోజులకు, తర్వాత 50 రోజులకొకటి. ఇది కూడా ఒకేసారి విత్తకుండా పది రోజుల తేడాతో మడులు మడులుగా వేసుకుంటే కోత తెగకుండా వస్తుంది.

ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. లేత జొన్నలో, నీళ్లు లేక వాడిన జొన్నలో, కోసిన మోళ్ల నుంచి లేచే చిగురులో సైనైడ్ విషం పుడుతుంది. మన పెద్దలు నాము అన్నది ఆ చిగురునే. చేను కోశాక నాలుగు చినుకులు పడగానే పచ్చగా లేస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది, ఆకలి మీదున్న మంద అందులోకి దూరుతుంది. ఒగర్చడం, వణకడం, నోట నురగ, పడిపోవడం అన్నీ నిమిషాల్లో జరిగిపోతాయి. దీనికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, కానీ అది వెంటనే పడాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 50 రోజులు నిండని జొన్న కోయొద్దు, జొన్న మోళ్లలోకి మందను తోలొద్దు. జొన్న వద్దనుకుంటే మొక్కజొన్నను లేతకంకి దశలో కోసి వేయండి, ఈ బెడద లేదు.

6. గట్ల మీద చెట్లు

గట్టు వెంట మీటరుకొకటి అవిశ నాటండి. మేకలకు ప్రాణం. మొదటి కోతకు 8 నెలలు ఆగాలి, తర్వాత రెండు నెలలకోసారి కొమ్మ నరుక్కోవచ్చు. మునగ కొమ్మలు కూడా వేసుకోవచ్చు.

సుబాబుల్ గురించి చాలామంది అడుగుతారు. ఖమ్మం, కృష్ణా, ప్రకాశం వైపు కాగితం మిల్లుల కోసం వేసిన తోటలున్నాయి కాబట్టి అక్కడ ఆకు బాగా దొరుకుతుంది. మంచి మేతే, కానీ అందులో మైమోసిన్ అనే పదార్థం ఉంది. రోజూ మొత్తం మేతలో మూడో వంతు మించితే బొచ్చు రాలడం, గొంతు దగ్గర వాపు కనిపిస్తాయి. దశరథ గడ్డి, సుబాబుల్ రెండూ ఉంటే ఇది కొంత, అది కొంత కలిపి వేయండి.

గ్లిరిసిడియా చెట్టు ఆకు వాసన మొదట్లో జీవాలకు నచ్చదు. కొమ్మలు కోసి ఒక పూట వాడనిచ్చి వేస్తే మెల్లగా అలవాటు పడతాయి.

రెండు హెచ్చరికలు. పక్కన పత్తి, మిరప ఉంటే మందు కొట్టిన రోజు గాలికి మీ గట్టు చెట్ల మీదా పడుతుంది. కనీసం రెండు వారాలు ఆ ఆకు కోయకండి. కంచెకు గన్నేరు అస్సలు వద్దు, నాలుగు ఆకులు తిన్నా ప్రాణం మీదికి వస్తుంది.

7. మేత అలవాటు చేయడం

పంట పండించడం కంటే ఇది సున్నితమైన పని. మొదటి ఏడాది మా మందలో ఒక గొర్రె పోయింది, అది నా తొందర వల్లే పోయింది. అప్పటిదాకా ఎండు చొప్ప, బీడు మేత తప్ప ఎరగని మంద అది. మొదటి కోత వచ్చిందన్న సంబరంలో పొద్దున్నే మంచు తడితో ఉన్న దశరథ గడ్డి మోపులు ఖాళీ కడుపుల ముందు వేశాను. గంటన్నరకు రెండు గొర్రెలు తల వంచి నిలబడిపోయాయి. ఎడమ డొక్క పైకి ఉబ్బి వెన్నుకు సమానంగా వచ్చింది, వేలితో కొడితే డప్పులా మోగింది. డాక్టరు వచ్చేసరికి ఒకటి దక్కింది, ఇంకోటి దక్కలేదు. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతి ఇది:

- మొదటి మూడు రోజులు జీవానికి పావు కిలో. తర్వాత రోజుకు కొంచెం కొంచెం పెంచుతూ రెండు వారాలకు పూర్తి మోతాదుకు రండి.
- ముందు ఎండుమేత. వేరుశనగ కట్టె, కంది పొట్టు, శనగ పొట్టు, ఎండు చొప్ప ఏది ఉన్నా సరే, కాస్త తిన్నాకే పచ్చిది వేయండి.
- సాయంత్రం కోసింది మర్నాడు, పొద్దున కోసింది మధ్యాహ్నం వేయండి. మూడు నాలుగు గంటలు వాడాలి. కుప్పగా పోయకుండా నీడలో పలచగా పరవండి, లేదంటే వేడెక్కి బూజు పడుతుంది.
- మంచు తడి, వాన తడి ఉన్న మేత వేయొద్దు.
- నేల మీద వేయొద్దు. తొక్కినదాన్ని, మూత్రం పడినదాన్ని గొర్రె ముట్టదు. మేకలకు మోపు కట్టి, తలెత్తితే అందేంత ఎత్తున వేలాడదీయండి. ఆకు దూసుకుని, లేత కాడ కొరికి, చివరకు తెల్లటి పుల్ల వదిలేస్తాయి. గొర్రెలకు తొట్టిలో వేయండి.

డొక్క ఉబ్బితే ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. ఆయన వచ్చేలోగా 50 నుంచి 100 మిల్లీలీటర్ల వేరుశనగ నూనెనో నువ్వుల నూనెనో నెమ్మదిగా పట్టండి. తల మరీ పైకెత్తి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మూతి వెన్నుకు సమానంగా ఉంచితే చాలు. పడుకోనివ్వకుండా నడిపించండి.

ఇంకో సంగతి. మేత ఒక్కసారిగా పచ్చగా, బలంగా మారితే చిటుక రోగం (పేగుల్లో విషం పుట్టే జబ్బు) వచ్చే ప్రమాదం ఎక్కువ. బాగా మేసే పిల్లలే రాత్రికి రాత్రి పోతాయి. వానలకు ముందే టీకా వేయించి ఉంచండి. మొదటిసారి వేయించేవాళ్లు రెండు మూడు వారాలకు రెండో డోసు మరిచిపోకండి.

చివరి నెలన్నర చూడిలో ఉన్నవాటికి, పాలిచ్చే తల్లులకు అర కిలో దశరథ గడ్డి అదనంగా వేయండి. పిల్లలకు మూడు వారాల వయసు నుంచి లేత చిగుళ్లు విడిగా కట్టండి, మొదట ఆడుకుంటాయి, తర్వాత తింటాయి.

8. పని చేస్తోందా లేదా?

*తొట్టి చూడండి.* 10 కిలోలు తూచి వేసి, మర్నాడు మిగిలింది తూచండి. కిలో, కిలోన్నర మిగిలితే సరే. మూడు కిలోలు మిగిలితే కోత ఆలస్యమైంది, లేదా ఎక్కువ వేస్తున్నారు.

*పెంటికలు చూడండి.* విడివిడిగా, నిగనిగలాడుతూ ఉంటే మేత సరిపోయింది. ముద్దకడితే పచ్చిది ఎక్కువై ఎండుది తగ్గింది. రాయిలా గట్టిగా ఉంటే నీళ్లు, పచ్చిమేత రెండూ చాలడం లేదు.

*సాయంత్రం వెనక నిలబడి ఎడమ డొక్క చూడండి.* గుంటగా ఉంటే కడుపు నిండలేదు. నిండుగా ఉండి వేలితో నొక్కితే పిండిముద్దలా లోపలికి పోతే బాగుంది. బిగుతుగా ఉంటే ఉబ్బరం మొదలైనట్టే.

*పిల్లల్ని తూచండి.* మూడు నెలలు దాటిన ఐదు పిల్లలకు రంగు గుర్తు పెట్టి 15 రోజులకోసారి, పొద్దున్నే మేతకు ముందే తూచండి. నెల్లూరు జాతి పిల్ల రోజుకు 80 నుంచి 100 గ్రాములు పెరుగుతుంటే మీ మేత పని చేస్తోంది. పెరగకపోతే మేతను తిట్టేముందు నట్టల మందు ఎప్పుడు పట్టారో చూసుకోండి. కడుపులో నట్టలుంటే ఎంత మంచి మేత వేసినా ఫలితం కనిపించదు.

నీటి వసతి లేకపోతే

మెట్ట నేలల్లో తొలకరికి స్టైలో అనే చిక్కుడు జాతి మేత చల్లండి. ఎకరానికి 4 కిలోలు, దీనికీ వేడినీళ్ల పని తప్పదు. 75 రోజులకు పూత దశలో కోయొచ్చు. మామిడి తోట నీడలోనూ కొంతవరకు వస్తుంది. రాయలసీమలో, పాలమూరు వైపు వాన ఆలస్యమైతే ఉలవ ఉండనే ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాలో వరి కోశాక పిల్లిపెసర, జనుము చల్లుకునే అలవాటు ఎప్పటినుంచో ఉంది, దాన్ని వదులుకోకండి. జనుమును పచ్చిగా కంటే ఎండబెట్టి వేస్తేనే బాగా తింటాయి. నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా మీద ఆశ పెట్టుకున్నవాళ్లకు ఒక మాట: నిండా నీళ్లే ఉన్న ఆ మొక్కతో 20 గొర్రెల కడుపు నిండదు, దాణా కొంచెం తగ్గించుకోవడానికి పనికొస్తుంది, అంతే.

అరెకరం పెట్టడానికి ధైర్యం చాలనివాళ్లు ఈ ఏడాది రెండు గుంటల్లోనే వేయండి. విత్తనం 400 గ్రాములు చాలు. అందులో ఒక మూల కోయకుండా వదిలేసి, కాయలు గోధుమరంగుకు తిరగగానే పగలకముందే కోసి గుడ్డ మీద ఎండబెట్టండి. వచ్చే మృగశిరకు మిగతా 18 గుంటలకు కావాల్సిన విత్తనంలో చాలావరకు ఆ మూలలోనే దొరుకుతుంది.